పాత నాణేలు, మన చేతులు

బరంపురంలో మా పెద్దమ్మగారింట్లో దేవుడి మందసంలో ఒక చిన్న వెండి భరిణె ఉండేది. అందులో నాలుగైదు పాత నాణేలు ఉండేవి. అవి ఆవిడ అత్తగారి నాటివి. చిన్నప్పుడు పండగలకు వెళ్ళినప్పుడల్లా వాటిని బయటికి తీసి చూడటం నాకు సరదా. వాటిలో ఒకటి నల్లగా మసిబారి ఉన్న వెండి బిళ్ళ. ఒకవైపు గుడి గోపురం, దాని చుట్టూ చుక్కలు. రెండోవైపు విష్ణుమూర్తి. ఆయన చుట్టూ అంచు వెంబడి అక్షరాలు. అవి తెలుగక్షరాలని గుర్తుపట్టిన రోజు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ మరచిపోలేను.

ఆ మధ్య ఒక దసరాకు మళ్ళీ వెళ్ళాను. పెద్దమ్మ నవ్వుతూ భరిణె తెచ్చి నా చేతిలో పెట్టింది. "నువ్వు వస్తున్నావని నిన్నంతా కూర్చుని తోమాను నాయనా. ఎంత మురికి పట్టాయో! ఇప్పుడు చూడు, ఎలా తళతళలాడుతున్నాయో" అంది. చింతపండు, విబూది, కొబ్బరి పీచు, మూడూ వాడిందట. గోపురం అంతస్తులు అరిగి నున్నగా అయిపోయాయి. అంచు మీది తెలుగక్షరాలు సగానికి పైగా కనబడటం లేదు. నాకోసమే చేసిన పని అది. ఏమనగలను? "బాగున్నాయి పెద్దమ్మా" అన్నాను. ఆ పూట గారెలు మాత్రం గొంతు దిగలేదు.

నాణేలు సేకరించే వాళ్ళ బాధ చూసి పదిమందీ నవ్వుతారు. వెండి వెండిలాగే ఉంది కదా, ఏం పోయింది అంటారు. పోయిందేమిటో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

ముందు ఆ బిళ్ళ సంగతి. అది ఈస్టిండియా కంపెనీ 19వ శతాబ్ది తొలి ఏళ్ళలో మద్రాసు టంకశాలలో వేయించిన పావు వరహా. ఇంగ్లీషు, పారసీ, తమిళం, తెలుగు, నాలుగు భాషల్లోనూ దాని విలువ ముద్రించి ఉంటుంది. ఈ రాజధానిలో లావాదేవీలు చేసేవాళ్ళు ఏ ఏ భాషల వాళ్ళో కంపెనీ వారికి బాగా తెలుసు. మా గంజాం జిల్లా 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేవరకూ మద్రాసు రాజధానిలోనిదే. తరవాత హద్దులు మారాయి, బడిలో భాష మారింది, కచేరీలో భాష మారింది. పెద్దమ్మ భరిణెలోని బిళ్ళ మీద మాత్రం మన అక్షరాలు అలాగే ఉండేవి. మొన్న దసరా దాకా.

ఇంతకంటే పెద్ద నష్టాలు చరిత్రలో చాలా ఉన్నాయి. 1785-86 ప్రాంతంలో నెల్లూరు దగ్గర ఒక రైతు రాళ్ళగుట్ట వార పొలం దున్నుతుంటే నాగలికి ఇటుకల కట్టడం అడ్డు తగిలింది. తవ్వి చూస్తే చిన్న గుడి శిథిలాలు, వాటికింద ఒక కుండ. కుండలో రోము చక్రవర్తుల బంగారు నాణేలు. మన కథల్లో లంకె బిందెలు దొరికినట్టే దొరికాయి. ఆ రైతు వాటిని పాత బంగారం కింద అమ్ముకున్నాడు. చాలా వరకు మూసలో కరిగిపోయి ఉంటాయి. ఆర్కాటు నవాబు కుమారుడు అమీర్-ఉల్-ఉమరాకు కబురు తెలిసి ముప్ఫై పైచిలుకు నాణేలను రాబట్టగలిగాడు. అప్పటి మద్రాసు గవర్నరు అలెగ్జాండర్ డేవిడ్సన్ వాటిలో తనకు నచ్చిన రెండింటిని ఎంచుకున్నాడు. ఒకటి హేడ్రియన్‌ది, ఒకటి ఫాస్టినా రాణిది. ఈ సంగతంతా ఆయనే ఉత్తరం రాయగా, కలకత్తా ఏషియాటిక్ సొసైటీ వారి సంపుటంలో అచ్చయింది కాబట్టి మనకు తెలిసింది.

ఆ ఉత్తరంలో ఒక వివరం ఉంది. కొన్ని నాణేలు నిన్ననే టంకశాల నుంచి వచ్చినంత కొత్తగా ఉన్నాయట. కొన్నింటికి మాత్రం రంధ్రాలు ఉన్నాయట, మెడలోనో దండకో ఆభరణంగా వేసుకున్నట్టు. అంటే మన కాసులపేరు ఈనాటిది కాదు! రోము నుంచి మిరియాలకూ సన్నబట్టలకూ మారుగా వచ్చిన బంగారాన్ని మనవాళ్ళు రెండో శతాబ్దం నాటికో ఆ తరవాతో మెడలో వేసుకున్నారన్నమాట. ఆ రంధ్రాలు కూడా చరిత్రే. అయితే ఆ కుండలో మొత్తం నాణేలెన్ని, ఏ ఏ చక్రవర్తులవి ఎన్నెన్ని, రంధ్రాలున్నవి ఎన్ని, లేనివి ఎన్ని, చివరి నాణెం ఏ ఏటిది? ఈ ప్రశ్నలకు ఇక జవాబు లేదు. చివరి నాణెం ఏ ఏటిదో తెలిస్తే కుండ పాతిపెట్టిన కాలం సుమారుగా తెలిసేది. బంగారం ఎక్కడికీ పోలేదు, ఏ గాజులోనో ఏ ఉంగరంలోనో ఇంకా ఉండే ఉంటుంది. జవాబులు పోయాయి.

దీనికి పూర్తిగా భిన్నమైన కథ మహారాష్ట్రలో జరిగింది. 1906లో నాసిక్ దగ్గర జోగల్తెంబి గ్రామంలో ఒక వెండి నిధి బయటపడింది. పదమూడు వేలకు పైగా నాణేలు. అన్నీ క్షహరాత రాజు నహపానుడివి. ఒకవైపు రాజు ముఖం, గ్రీకు అక్షరాలు. రెండోవైపు బ్రాహ్మీ, ఖరోష్ఠీ లిపులు. ఆ నిధి చెదిరిపోకుండా దాదాపు మొత్తంగా పండితుల చేతికి వచ్చింది. స్కాట్ అనే మిషనరీ పండితుడు ఓపికగా లెక్కపెట్టి 1908లో ప్రకటించాడు. తొమ్మిది వేలకు పైగా నాణేల మీద నహపానుడి ముద్ర పైనే మరో ముద్ర కొట్టి ఉంది. అది శాతవాహన రాజు గౌతమీపుత్ర శాతకర్ణిది. కొండ గుర్తు ఒకవైపు, ఉజ్జయిని గుర్తు మరోవైపు.

శత్రువును ఓడించి అతని నాణేలను పోగుచేసి, వాటి మీదనే తన ముద్ర కొట్టించి చలామణి చేయించాడు గౌతమీపుత్రుడు. క్షహరాత వంశాన్ని నిర్మూలించాడని నాసిక్ శాసనంలో ఆయన తల్లి బాలశ్రీ చెప్పుకున్న మాటకు ఆ వెండి బిళ్ళలే సాక్ష్యం పలికాయి. ఆ సాక్ష్యం ఎంత సన్నని పొరలో ఉందో ఆలోచించండి. పై ముద్ర కింద నహపానుడి ముక్కో, గ్రీకు అక్షరం తోకో లీలగా కనబడుతుంది. ఎవరైనా ఇల్లాలు పీచు పెట్టి రెండుసార్లు తోమితే ఆ లీలగా కనబడేదే ముందు పోతుంది. పైగా ఆ పదమూడు వేలూ పదమూడు ఊళ్ళ కంసాలి దుకాణాలకు చెదిరిపోయి ఉంటే, ఎన్నింటికి ఎన్నింటి మీద ముద్ర కొట్టాడన్న లెక్కే ఉండేది కాదు.

కొన్నిసార్లు పాడుచేసినట్టు కనిపించేది నిజానికి పాడుచేయడం కాదు. 1898లో పుదుక్కోట సంస్థానంలో 501 రోమను బంగారు నాణేలు దొరికాయి. నూటికి తొంభై పాళ్ళ నాణేల మీద చక్రవర్తి ముఖానికి అడ్డంగా ఉలితో గాటు పెట్టి ఉంది. మొదటిసారి చూసినవాడు అయ్యో అనుకుంటాడు. కాని అది తెలిసి చేసిన పని. అరిగిన నాణేలను ఇక నాణేలుగా చెల్లకుండా, ఉత్త బంగారంగా లెక్కించడానికి పెట్టిన గాటు అని పండితులు భావించారు. కాబట్టి గాటు కనిపించినా, గుంట కనిపించినా, షరాబు కొట్టిన చిన్న గుర్తు కనిపించినా దాన్ని సరిచేయబోవద్దు. దేన్ని దెబ్బ అంటామో, దేన్ని దాఖలా అంటామో తేల్చవలసింది నిదానంగా చూసినవాళ్ళు.

ఇక నా తప్పు కూడా చెప్పుకోవాలి. పెద్దమ్మ మీద మనసులో కోపగించుకున్న నేను అంత పుణ్యాత్ముణ్ణి కాను.

మా ప్రాంతంలో తూర్పు గాంగుల బంగారు పణాలు అప్పుడప్పుడు బయటపడుతుంటాయి. అర గ్రాముకు అటూ ఇటూ తూగే చిన్న బిళ్ళలు, కందిపప్పు కంటే పెద్దవేమీ కావు. ఒకవైపు కూర్చున్న నంది. రెండోవైపు సంవత్సరానికి గుర్తుగా 'స' అక్షరం, దాని కింద అంకె. ఆ అంకె మన తెలుగు-కన్నడ లిపిలోనిదే. రాజు పేరు ఎక్కడా ఉండదు. ఉన్నదల్లా రాజ్యం చేస్తున్న సంవత్సరం సంఖ్య. అందులోనూ ఒరిస్సాలో అంక లెక్క ఒకటి ఉంది. ఒకటీ, ఆరుతో ముగిసేవీ, పది తప్ప సున్నతో ముగిసేవీ వదిలేసి లెక్కిస్తారు. ఇక్కడి పంచాంగాలు చూసేవారికి ఇది తెలిసినదే. కనుక ఆ అంకె ప్రతి గీతా ముఖ్యమే. ఒక కొమ్ము అరిగితే ఒక సంవత్సరం తారుమారవుతుంది. రాజు పేరు లేని నాణేన్ని ఏ రాజుకు చెందినదో తేల్చాలంటే ఉన్న దారి ఒక్కటే. ఒకేచోట దొరికిన నాణేలన్నింటినీ కలిపి చూడాలి, ఏ సంఖ్యలు ఉన్నాయో, ఎంతవరకు వెళ్ళాయో చూడాలి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక నగల దుకాణంలో అలాంటి పణాలు ఒక కాగితం పొట్లంలో కనబడ్డాయి. ఇరవై దాకా ఉంటాయి. నా జీతం కొద్దీ రెండు కొనుక్కున్నాను. అంకె బాగా కనిపించేవి ఏరుకున్నాను. ఎక్కడివని అడగలేదు. అడిగితే ధర పెంచుతాడేమోనని భయం. నెల తరవాత మళ్ళీ వెళితే మిగిలినవి లేవు. కరిగించామన్నారు. ఆ రెండూ నా దగ్గర భద్రంగా ఉన్నాయి, పత్తిలో పెట్టి దాచుకున్నాను. చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. కాని ఏ ఊరివి, ఏ కుండలోవి, తోడు ఏవి అంటే చెప్పలేను. పెద్దమ్మ తోమింది ఒక్క నాణేన్ని. నేను పోగొట్టింది ఒక నిధి వివరం. ఎవరిది పెద్ద తప్పు? సేకరించేవాళ్ళం మమ్మల్ని మేము రక్షకులమనుకుంటాం. అడగకుండా కొన్నప్పుడు మేమూ ఆ కంసాలి మూసకు కట్టెలు అందించేవాళ్ళమే.

సరిగా చేసినవాళ్ళూ ఉన్నారు. కర్నల్ మెకంజీ 1821లో చనిపోయేనాటికి ఆరువేలకు పైగా నాణేలు పోగుచేశాడు. ఆయనకు కుడిభుజంగా ఊరూరా తిరిగి కైఫీయతులు రాసి, రాళ్ళూ నాణేలూ సేకరించినవాళ్ళు మన కావలి సోదరులు, బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి. మొన్న మొన్నటి కథ చూస్తే, కరీంనగర్ ప్రాంతంలో గోదావరి ఒడ్డున ఉన్న కోటిలింగాలలో వానలకు బయటపడిన చిన్న చిన్న నాణేలను స్థానికంగా జాగ్రత్త చేసినవాళ్ళ వల్లనే శాతవాహన మూలపురుషుడు చిముకుడి నాణేలూ, వారికి ముందటి గోబద, సమగోప వంటి రాజుల పేర్లూ 1970ల చివర లోకానికి తెలిశాయి. ఊరి పేరుతో సహా దాచారు. అదీ విలువ.

చట్టం సంగతి చాలామందికి భయంగానే తెలుసు. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం భూమిలో పది రూపాయలకు మించిన విలువ గల నిధి దొరికితే కలెక్టరుకు తెలియజేయాలి. సొంతదారు ఎవరూ లేరని తేలితే దొరికినవాడికి ముప్పావు, భూమి గలవాడికి పావు. ప్రభుత్వమే తీసుకోదలిస్తే లోహపు విలువకు అయిదో వంతు కలిపి ఇవ్వాలి. అంటే చట్టం అంతా లాక్కుపోయేది కాదు. కాని ఊళ్ళో ఆ మాట చెప్పేవాళ్ళు లేరు. పోలీసులు వస్తారన్న భయం, బంగారం మీద ఆశ, రెండూ కలిసి మూసను రాజేస్తాయి.

ఇంట్లో ఉన్నవాటికి చేయవలసింది చాలా తక్కువ. నిజానికి చేయకుండా ఉండవలసిందే ఎక్కువ. చింతపండు, నిమ్మకాయ, విబూది, పాలిషు దగ్గరికి రానీయవద్దు. రాగి మీది పచ్చదనం, వెండి మీది నలుపు కాలం వేసిన పొర. దాన్ని గీకితే కింద ఉన్న గీతలూ వస్తాయి. నాణేన్ని అంచులు పట్టుకునే ఎత్తాలి, వేలి చెమట కూడా ముద్ర వేస్తుంది. కింద మెత్తని గుడ్డ పరుచుకుని చూడాలి. చవక ప్లాస్టిక్ సంచుల్లో రాగి బిళ్ళలు జిగురు పట్టి పచ్చబడతాయి. శాతవాహనుల సీసపు నాణేలను చెక్కపెట్టెలో పెడితే చెక్క ఆవిరికి తెల్లగా పొడి రాలిపోతాయి. ఒక్కొక్కదాన్నీ మంచి కాగితం కవరులో వేసి, ఎవరిచ్చారు, ఏ ఊరు, ఎప్పుడు అని కవరు మీద ముందే రాసిపెట్టాలి. ఆ రెండు మాటలు నాణెంతో సమానం.

మన ఊళ్ళలో, హోసూరులో గాని, షోలాపూరులో గాని, యానాంలో గాని, పెట్టె అడుగున ఏవో కొన్ని వరహాలూ, కాసులూ, దమ్మిడీలూ లేని పాత ఇల్లు తక్కువ. ఎప్పుడు వచ్చాం, ఏ దారిన వచ్చాం అని రాసిపెట్టిన కాగితాలు మనలో చాలామందికి లేవు. ఉన్నవి ఈ బిళ్ళలు, వాటి గురించి పెద్దవాళ్ళకు గుర్తున్న మాటలు.

ఈ సంక్రాంతికి మళ్ళీ పెద్దమ్మ దగ్గరికి వెళ్ళాను. తోమవద్దని చెప్పలేదు. నోటుపుస్తకం తీసుకుని కూర్చుని, "ఈ బిళ్ళ మీ అత్తగారికి ఎవరిచ్చారు పెద్దమ్మా?" అని అడిగాను. ఆవిడ గంటన్నర చెప్పింది. మధ్యలో తనే ఆగి, "అయితే ఇది తోమకుండా ఉండాల్సిందేమో రా" అంది.