అట్టల నుంచి కంప్యూటర్ దాకా: కాటన్‌పేట నేతవాళ్ళ పిల్లల కొత్త చదువు

సావనీర్‌కి కాటన్‌పేట చరిత్ర రాయమన్నారు కమిటీవాళ్ళు. మేం ఎనిమిదో తరగతితో బడి మాని మగ్గం గుంటలో కూర్చున్నవాళ్ళం. పుస్తకాల చరిత్ర కన్నా జాకార్డు అట్టల చరిత్ర మాకు బాగా తెలుసు. ఈమధ్య సంఘం ఆఫీసుకి వచ్చే తల్లిదండ్రులు తరచు ఒక మాట అడుగుతున్నారు. "పిల్ల ఇంజనీరింగ్ చదువుతోందండీ. దాంతోపాటు డిజిటల్ ఆర్ట్స్, మీడియా డిజైన్ అని ఏదో మైనర్ తీసుకుంటానంటోంది. బొమ్మలు గీసే చదువు మనకెందుకు?" అని. దీనికి జవాబు మన చరిత్రలోనే ఉంది.

కాటన్‌పేట పేరులోనే పత్తి ఉంది. పక్కనున్న అరళెపేటకీ కన్నడంలో అదే అర్థం. 1800లో ఫ్రాన్సిస్ బుకానన్ అనే కంపెనీ డాక్టరు బెంగళూరు వచ్చి ఇక్కడి నేతవాళ్ళ గురించి కులాలవారీగా రాసుకున్నాడు. తొగటవాళ్ళను చెప్పాడు, దేవాంగుల్లో కన్నడంవాళ్ళనీ తెలుగువాళ్ళనీ విడివిడిగా చెప్పాడు. అంటే రెండు వందల ఏళ్ళ కిందటే ఈ ఊళ్ళో తెలుగు మాట్లాడే మగ్గం ఉంది. తర్వాత 1884లో మన పేట పక్కనే బట్టల మిల్లు వచ్చింది. రెండేళ్ళకు అది బిన్నీ కంపెనీ చేతికి పోయింది, ఆ ప్రాంతానికి బిన్నీపేట అనే పేరు నిలిచింది. మిల్లులో నేసేది బారుబట్ట. పువ్వు, నెమలి, గోపురం అంచు మాత్రం మన చేతుల్లోనే ఉండిపోయాయి.

ఆ పువ్వు మగ్గం మీదికి ఎట్లా వస్తుందో పిల్లలకు చెప్పాలి. ఫ్రాన్సులో లియోన్ పట్నం వాడు, నేతవాళ్ళ ఇంట్లోనే పుట్టినవాడు, జోసెఫ్ మేరీ జాకార్డ్ 1804లో ఆ సాధనాన్ని పెట్టాడు. అంతకుముందు 1725 నుంచే బూషోన్, ఫాల్కన్ అనేవాళ్ళు చిల్లుల కాగితంతో, అట్టలతో ప్రయత్నాలు చేశారు. అట్టలో చిల్లుంటే కొక్కెం లేస్తుంది, దారం పైకొస్తుంది. చిల్లు లేకపోతే దారం కిందే ఉంటుంది. ఉంది, లేదు, అంతే. మూడోది లేదు.

240 కొక్కేల జాకార్డు అనుకోండి. అంగుళానికి 60 పేకలు పడే బట్టలో ఆరంగుళాల బుటాకి 360 అట్టలు కావాలి. ఒక్కో అట్టలో 240 చోట్లు. మొత్తం 86,400 గళ్ళు. వీటిలో ప్రతి గడికీ చిల్లు పెట్టాలా వద్దా అని ఎవరో ఒకరు గ్రాఫ్ కాగితం మీద ఎర్ర చుక్కలతో తేల్చాల్సిందే. ఇప్పుడు కంప్యూటర్‌వాళ్ళు పిక్సెల్ అంటున్నది ఆ గడినే.

ఇది మన గొప్ప కోసం చెప్పేది కాదు. ఇంగ్లండులో చార్లెస్ బాబేజ్ లెక్కల యంత్రానికి నమూనా వేసినప్పుడు, దానికి ఆజ్ఞలివ్వడానికి జాకార్డు అట్టలనే అరువు తెచ్చుకున్నాడు. ఆయన దగ్గర పట్టులో నేసిన జాకార్డ్ బొమ్మ ఒకటి ఉండేది. దానికి పట్టిన అట్టలు దాదాపు 24,000! 1890లో అమెరికా జనాభా లెక్కలను హోలరిత్ చిల్లుల కార్డులతోనే తేల్చాడు. 1983లో ఎలక్ట్రానిక్ జాకార్డు వచ్చాక అట్టే అక్కర్లేకుండా పోయింది. మగ్గం నుంచి కంప్యూటర్‌కి పోయిన విద్య తిరిగి మగ్గానికే వచ్చిందన్నమాట.

అయితే ఈ విద్యలో డబ్బు ఎవరికి దక్కింది? నేసినవాడికి కూలి. గ్రాఫ్ గీసినవాడికి, అట్టలు కొట్టినవాడికి వేరే మజూరి. డిజైన్ పెట్టెలో దాచుకున్న షావుకారుకి లాభం. కొత్త డిజైన్ కావాలంటే మన సంఘాలు బయటివాళ్ళ గుమ్మం ముందు నిలబడాల్సి వచ్చేది. ఇప్పటికీ ఎక్కువచోట్ల అంతే.

చదువుకున్న చిత్రకారులు మగ్గం దగ్గరికి రావడం కొత్తేమీ కాదు. 1956లో కేంద్రం వీవర్స్ సర్వీస్ సెంటర్లు మొదలుపెట్టింది. పుపుల్ జయకర్ పూనికతో పేరున్న చిత్రకారులు వాటిలో ఉద్యోగం చేశారు. ప్రభాకర్ బర్వే కాశీలో, జోగేన్ చౌదరి మద్రాసులో పనిచేశారు. బెంగళూరులోనూ సెంటర్ ఉంది. కానీ అక్కడ గీసేది వాళ్ళు, నేసేది మనం. ఇప్పుడు మన ఇంటి పిల్లే గీస్తానంటుంటే వద్దని ఎట్లా అంటాం?

మైనర్ అంటే అసలు డిగ్రీ మానెయ్యడం కాదు. ఇంజనీరింగ్‌లో మామూలు క్రెడిట్లకు తోడు ఇంకో 18 నుంచి 20 చేస్తే, పట్టాలో ఆ రెండో విషయం కూడా రాస్తారు. మామూలు డిగ్రీ పిల్లలు మాత్రం చూసుకోవాలి. కర్ణాటకలో 2021లో నాలుగేళ్ళ కొత్త పద్ధతి తెచ్చారు, 2024లో మళ్ళీ మూడేళ్ళకు మార్చారు. మీ కాలేజీలో ఇప్పుడు ఏది నడుస్తోందో అడిగి చేరండి.

మా అభిప్రాయం దాచుకోం. పోస్టర్లు, రీల్స్ మాత్రమే నేర్పే మైనర్ అయితే మగ్గానికి దాంతో పెద్ద పని లేదు. బొమ్మ అతుకు కనపడకుండా తిరిగి తిరిగి రావడం, రంగుల పొత్తు, బట్ట మీద డిజైన్, ఇవి నేర్పుతారా అని అడగండి. ఇంకొకటి, ఆ పిల్ల ఒక వేసవి మగ్గం మీద కూర్చోవాలి. కంప్యూటర్ తెర మీద కోటీ అరవై ఏడు లక్షల రంగులు కనపడతాయి, అద్దకంవాడి దగ్గర అన్ని దొరకవు. అంగుళానికి పడుగు 80, పేక 60 ఉన్న బట్టకి గుండ్రటి బుటా అడ్డం 80 గళ్ళు, నిలువు 60 గళ్ళు గీయాలి. తెర మీద గుండ్రంగా ఉంది కదా అని 80కి 80 గీస్తే బట్ట మీద కోడిగుడ్డవుతుంది. దారం ఎక్కువ దూరం అల్లుకోకుండా వదిలేస్తే చీర వెనక గోరుకి తగిలి లాగేస్తుంది. ఇవి కాలేజీలో చెప్పరు. ఇంట్లో తాతకి తెలుసు.

డబ్బు సంగతి. 2021-26 జాతీయ చేనేత పథకంలో, ప్రభుత్వ గుర్తింపు ఉన్న టెక్స్‌టైల్ విద్యాసంస్థల్లో డిప్లొమా, డిగ్రీ, పీజీ చదివే నేతవాళ్ళ పిల్లలకు ఏడాదికి 2 లక్షల దాకా సాయం పెట్టారు, ఇంటికి ఇద్దరికి. ఇది టెక్స్‌టైల్ చదువుకే, అన్ని కాలేజీలకూ వర్తించదు. చేనేత గుర్తింపు కార్డు లేకపోతే ముందు ఆ పని చూసుకోండి.

చివరిగా, డిజైన్ గీసే పిల్లలందరికీ ఒక మాట. పోచంపల్లి ఇక్కత్‌కి 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, అది ఊరందరిదీ. మీరు కొత్తగా గీసిన బుటాకి అయితే 2000 నాటి డిజైన్ల చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉంది. పదేళ్ళు రక్షణ, మరో అయిదేళ్ళు పొడిగించుకోవచ్చు. కానీ దరఖాస్తు కంటే ముందే నలుగురికీ చూపించిన డిజైన్‌కి అది దొరకదు. చాలామంది పిల్లలు గీసిన రాత్రే వాట్సాప్ స్టేటస్‌లో పెడతారు, వారంలో అచ్చు ప్రింట్ చీర బజార్లోకి వస్తుంది. ముందు దరఖాస్తు, తర్వాతే స్టేటస్. ఆ కాగితాలు నింపడానికి సంఘం ఆఫీసుకి రండి, కూర్చుని చూద్దాం.