మాదకద్రవ్యాల వ్యసనం: ముప్పు, చికిత్స, చట్టరక్షణ

మాదకద్రవ్యాల వ్యసనాన్ని అనేక కుటుంబాలు పరువు సమస్యగా భావించి దాచిపెడతాయి. పోలీసు కేసు భయం దీనికి తోడవుతుంది. ఫలితంగా చికిత్స ఆలస్యమై ప్రాణం మీదకు వస్తుంది. వ్యసనం చికిత్సతో అదుపులోకి వచ్చే వ్యాధి అని వైద్యశాస్త్రం స్పష్టం చేస్తోంది. స్వచ్ఛందంగా చికిత్సకు ముందుకు వచ్చేవారికి భారత చట్టం కూడా షరతులతో కూడిన రక్షణ కల్పిస్తోంది.

దేశంలో పరిస్థితి

కేంద్ర సామాజిక న్యాయం, సాధికారత మంత్రిత్వ శాఖ తరఫున ఢిల్లీ ఎయిమ్స్ నిపుణులు నిర్వహించిన జాతీయ సర్వే నివేదిక 2019లో వెలువడింది. 10 నుంచి 75 ఏళ్ల వయసువారిలో సుమారు 3.1 కోట్ల మంది గంజాయి, భంగు వంటి వాటిని, 2.26 కోట్ల మంది నల్లమందు, హెరాయిన్ తదితర ఓపియాయిడ్లను వినియోగిస్తున్నట్లు ఆ నివేదిక అంచనా వేసింది. జిగురు, థిన్నర్ వంటి వాటిని పీల్చే అలవాటు మాత్రం పెద్దలకంటే పిల్లల్లోనే అధికంగా కనిపించింది.

శరీరంపై ప్రభావం

మత్తుపదార్థాలు మెదడులో ఆనందానుభూతికి కారణమైన డోపమైన్ వ్యవస్థను దెబ్బతీస్తాయి. క్రమంగా అదే మత్తు కోసం మోతాదు పెంచవలసి వస్తుంది. మానివేస్తే ఒళ్లునొప్పులు, వాంతులు, నిద్రలేమి, ఆందోళన వంటి బాధలు మొదలవుతాయి. సూదులు పంచుకునేవారికి హెచ్‌ఐవీ, హెపటైటిస్-సి సోకే ప్రమాదముంది.

కొంతకాలం మానివేసి, మళ్లీ పాత మోతాదులోనే హెరాయిన్ వంటివి తీసుకోవడం అత్యంత ప్రమాదకరం. అప్పటికి శరీరం తట్టుకునే శక్తి తగ్గి ఉంటుంది కాబట్టి శ్వాస ఆగి మరణం సంభవించవచ్చు. నిద్రమాత్రలకు బానిసైనవారు వాటిని హఠాత్తుగా ఆపితే మూర్ఛలు రావచ్చు. అందువల్ల గదిలో బంధించి బలవంతంగా మాన్పించడం సరికాదు. వైద్యుల పర్యవేక్షణ తప్పనిసరి. ఓపియాయిడ్ బానిసత్వానికి బుప్రెనార్ఫిన్ వంటి మందులు, కౌన్సెలింగ్ అందుబాటులో ఉన్నాయి. చికిత్స అనంతరం మళ్లీ అలవాటు తిరగబెట్టినా దానిని వైఫల్యంగా కాక, చికిత్స కొనసాగించవలసిన సూచనగా పరిగణించాలి.

చట్టం ఏమంటోంది

1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం మత్తుపదార్థాల వినియోగం నేరమే. 27వ సెక్షన్ కింద పదార్థాన్ని బట్టి గరిష్ఠంగా ఏడాది వరకు జైలుశిక్ష, 20 వేల రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. అయితే వినియోగం లేదా స్వల్ప పరిమాణానికి సంబంధించిన కేసును ఎదుర్కొంటున్న వ్యసనపరుడు ప్రభుత్వ లేదా ప్రభుత్వ గుర్తింపు పొందిన కేంద్రంలో స్వచ్ఛందంగా చికిత్స పొందితే, 64ఏ సెక్షన్ ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపునిస్తుంది. చికిత్సను పూర్తిగా తీసుకోకపోతే ఈ మినహాయింపును ఉపసంహరించవచ్చు.

వాణిజ్య పరిమాణంలో రవాణా చేసేవారికి ఇది వర్తించదు. ఉదాహరణకు, గంజాయి ఒక కిలో వరకు స్వల్ప పరిమాణం. 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణంగా పరిగణించి 10 నుంచి 20 ఏళ్ల కఠిన కారాగార శిక్ష విధిస్తారు.

సహాయం ఎక్కడ

కేంద్ర ప్రభుత్వం 2020 ఆగస్టు 15న నషా ముక్త్ భారత్ అభియాన్‌ను ప్రారంభించింది. వ్యసన విముక్తికి సలహా కోసం జాతీయ హెల్ప్‌లైన్ 14446ను సంప్రదించవచ్చు. మాదకద్రవ్యాల విక్రయం, రవాణాపై సమాచారాన్ని జాతీయ స్థాయిలో 1933, ఆంధ్రప్రదేశ్‌లో 1972, తెలంగాణలో 1908 నంబర్లకు తెలియజేయవచ్చు.