దివాను దేవిడీ సామాను

మన అనంతపురపు కరవుసీమలో భోషాణములు, మందసములు, నగిషీ చెక్కిన ద్వారబంధములు గల మిద్దెయిండ్లు నేటికిని కొన్ని యున్నవి. వానలు తప్పి జనులు వలసపోవునపుడు ఇట్టివియు అమ్మకమునకు వచ్చును. ఇల్లు విడిచిన వస్తువు గతి యేమగునో తెలిసికొనుటకు హైదరాబాదులోని యొక గొప్పయింటి చరిత్రను చెప్పదలచితిని. 1800లో నిజాము కుంపిణీవారికి అప్పగించు వరకు మన సీమయు ఆ రాజ్యములోనిదే గదా!

మూడవ సాలార్‌జంగు మీర్ యూసుఫ్ అలీ ఖాను 1889లో జన్మించెను. 1912లో నిజామునకు దివానై, 1914లో ఆ పదవిని విడిచి, తక్కిన జీవితమును వస్తుసేకరణమునకే వినియోగించెను. పూర్వుల నివాసమైన దివాను దేవిడీ ఫ్రెంచి కుర్చీలతోను, గడియారములతోను, గ్రంథములతోను నిండిపోయెను. టిప్పు సుల్తానునకు పదునాఱవ లూయీ పంపెనని చెప్పుకొను దంతపు కుర్చీలు అందున్నవి. కలకత్తా కుక్ అండ్ కెల్వీ వారి గడియారములో గంటగంటకు గడ్డపు బొమ్మ యొకటి వెలికివచ్చి గంట కొట్టును. ముసుగు రెబెక్కా శిల్పమును మాత్రము ఆయన తాత 1876లో రోమునగరమున కొనెను.

ఆయన అవివాహితుడు. 1949 మార్చి 2వ తేదీన మరణించినపుడు సంతానము లేదు. వారసులు పంచుకొన్నచో సర్వమును చెల్లాచెదరై యుండెడిది. వెల్లోడిగారు దీనిని ప్రదర్శనశాలగా నుంచదలచి, సర్దుబాటును జేమ్స్ కజిన్స్ పండితునికి అప్పగించిరి. 1951 డిసెంబరు 16న నెహ్రూగారు దేవిడీలోనే దానిని ప్రారంభించిరి. 1958లో వారసులు రాజీ చేసికొని సేకరణమును భారత ప్రభుత్వమునకు ఒసగిరి. 1961లో పార్లమెంటు దానికై చట్టము చేసెను.

1968లో వస్తువులన్నియు మూసీ దక్షిణపు గట్టుననున్న క్రొత్త భవనమునకు తరలెను. దేవిడీ నేడు లేదు. దాని ద్వారములు మాత్రము మిగిలినవి. క్రొత్త భవనమున కుర్చీలొకచోట, గడియారములొకచోట జాతులవారీగా నమర్పబడినవి. దీనివలన వేలకొలది జనులు చూడగలుగుచున్నారు. ఇది చిన్న లాభము కాదు. కాని ఏ కుర్చీ యే గదిలో నుండెనో, యజమాని దేనిచెంత కూర్చుండి చదువుకొనెనో తెలుపవలసిన గోడలు పోయినవి. వస్తువు నిలిచినను దాని వాడుక మరుగుపడినది.

సాలార్‌జంగు సొత్తును కాపాడుటకు చట్టమే వచ్చెను. మన మిద్దెయింటి భోషాణమునకు అట్టి ప్రాపు లేదు. కావున దానిని అమ్మవలసివచ్చినను, ముందు ఒక కాగితముపై అది యే గ్రామమున, ఏ గదిలో నుండెనో, అందు ఏమి దాచుకొనిరో, ఏ కఱ్ఱతో చేసిరో, ఏ యేట అమ్మిరో వ్రాసియుంచుడని నా మనవి. పెద్దలు బ్రదికియుండగనే అడిగి తెలిసికొనుడు. ఆ వ్రాతకు ఖర్చు లేదు. కరవు దానిని తినివేయలేదు.