ఇంటి చదువు ఎవరి లెక్కలో ఉంది?

పిల్లల్ని బడికి పంపకుండా ఇంట్లోనే చదివించుకోవచ్చా అని ఈ మధ్య ఆదోనిలో, ఎమ్మిగనూరులో కొందరు తల్లిదండ్రులు నన్ను అడుగుతున్నారు. మగ్గం ఉన్న ఇంట్లో పుట్టి బడిపంతులుగా పనిచేసినవాణ్ణి. చట్టం కంటే ముందు మన తావు చరిత్ర చెబుతాను.

ఆదోని ఒకప్పుడు బళ్లారి జిల్లాది. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చాకే కర్నూలులో కలిసింది. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో ప్రతి జిల్లా నుంచీ చదువుల లెక్క అడిగాడు. బళ్లారి కలెక్టరు క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో పంపిన లెక్క ఇది: జనాభా 9,27,857, బళ్లు 533, చదివే పిల్లలు 6,641. అందులో ఆడపిల్లలు 60 మందే. చదువు ఎందుకు సన్నగిల్లిందో కూడా రాశాడాయన. ఇంగ్లండు గుడ్డ వచ్చిపడి నేతగాళ్ల బతుకు చితికింది. ఫీజు కట్టే శక్తి పోయి, పసిచేతులు కూడా పనికి కావలసివచ్చాయి.

ఇళ్లలో చదివేవాళ్ల లెక్క మాత్రం మద్రాసు పట్నం నుంచే వచ్చింది: 26,903 మంది, అక్కడి బడిపిల్లలకు అయిదు రెట్ల పైమాటే. 1826లో మన్రో దాన్ని చూసే, ఎంతమంది చదువుకుంటున్నారన్న తన అంచనా పెంచాడు. మన ఇళ్ల లెక్క ఎవరూ రాయలేదు. మా నేత ఇళ్లలో పిల్లలకు అబ్బింది కండెలు చుట్టే విద్య. అది అన్నం పెట్టింది గానీ అప్పుపత్రం చదవడం నేర్పలేదు.

ఇక చట్టం సంగతి. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్ని దగ్గరి బడిలో చేర్పించడం తల్లిదండ్రుల విధి అని దాని 10వ సెక్షన్ చెబుతుంది. చేర్పించకపోతే వాళ్లకు శిక్ష రాయలేదు. ఇంటి చదువుకు అనుమతి పద్ధతీ పెట్టలేదు. ఇంట్లో చదివినవాళ్లు 14 ఏళ్లు నిండాక ఓపెన్ స్కూలు ద్వారా పదో తరగతి రాయవచ్చు. పిల్లలు ఇంటి పనిలో సాయం చేయడం బడి వేళల తర్వాతా, సెలవుల్లోనూ మాత్రమే అని బాల కార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ తేల్చింది.

ఆ 10వ సెక్షన్ అక్షరం లేని ఇళ్లకు అండ, దాన్ని సడలించకూడదు. ఇంట్లో చదివించేవాళ్లారా, ఎవరు ఏం నేర్పుతున్నారో మండల విద్యాధికారికి రాసివ్వండి. గుంటూరు మిరప కోతలకు సుగ్గి (వలస) పోయేవాళ్లారా, పిల్లల్ని బడి మాన్పించి వెంట తీసుకెళ్లకుండా, వలస కుటుంబాల పిల్లల కోసం నడిపే సీజనల్ హాస్టల్లో ఉంచి వెళ్లండి. ఈసారైనా మన పిల్లలంతా లెక్కలోకి రావాలి.