తిరూరు సంఘం పంచని లాభం



ఆవడి, అంబత్తూరు ఫ్యాక్టరీల్లో పనిచేసి రిటైరైన మన సభ్యులు కొందరు ఈ మధ్య తరచూ ఒకటే అడుగుతున్నారు. బ్యాంకు వడ్డీ చాలడం లేదు, డివిడెండ్ బాగా ఇచ్చే షేర్లు కొనుక్కుంటే ఎలా ఉంటుంది అని. ఫలానా షేరు కొనండి అని చెప్పడం మా పని కాదు. అయితే వాటాదారుకు లాభం ఎంత పంచాలి, ఎప్పుడు పంచాలి అన్న విషయంలో మన తిరువళ్లూరు వైపు నూట ఇరవై ఏళ్ల కథ ఒకటి ఉంది. ముందు అది చెప్పుకుందాం.

తిరూరు మనకు తెలిసిన ఊరే. కేరళలోది కాదు, సెవ్వాపేట దగ్గర వరి పరిశోధన కేంద్రం ఉన్న తిరూరు. అప్పట్లో చెంగల్పట్టు జిల్లా. 1904లో అక్కడ రైతుల పరపతి సంఘం ఒకటి రిజిస్టరు అయింది. దేశంలోనే మొదటిది ఇదేనని తమిళనాడు సహకార శాఖ చెబుతుంది. కర్ణాటకలో 1905లో పెట్టిన కణగినహాళ్ సంఘాన్ని మొదటిదనేవాళ్లూ ఉన్నారు. ఆ తగాదా మనకు అక్కర్లేదు.

అంతకు ముందు మద్రాసు ప్రభుత్వం ఫ్రెడరిక్ నికల్సన్ అనే అధికారిని రైతు అప్పుల సంగతి చూడమంది. ఆయన జర్మనీలో రైఫైజన్ పెట్టిన గ్రామ సంఘాలనూ, మన మద్రాసు నిధులనూ పరిశీలించి 1895లో ఒకటి, 1897లో ఒకటి రెండు సంపుటాల నివేదిక ఇచ్చాడు. దాని వెనకే 1904 సహకార పరపతి సంఘాల చట్టం వచ్చింది. అందులో ఇవాళ్టి షేర్ల మనిషి చదివితే ఆశ్చర్యపోయే నిబంధన ఒకటుంది. సభ్యుల బాధ్యతకు పరిమితి లేని గ్రామ సంఘం డివిడెండ్ ఇవ్వకూడదు! లాభమంతా రిజర్వు నిధికే వెళ్లాలి. సంఘం బాకీలకు తగినంతగా ఆ నిధి పెరగాలి, రైతు కట్టే వడ్డీ రేటు కూడా నిబంధనల్లో చెప్పిన మేరకు తగ్గాలి. ఆ రెండూ జరిగాకే లాభంలో ముప్పాతిక వరకు బోనసుగా పంచుకోవచ్చు. పట్టణ సంఘాలకు కొంచెం సడలింపు. వాళ్లు లాభంలో పావు వంతు రిజర్వుకు తీశాక డివిడెండ్ ఇచ్చుకోవచ్చు.

మరి అలాంటి సంఘంలో చేరిన రైతుకు ఏం మిగిలింది? వడ్డీ వ్యాపారి దగ్గరకంటే తక్కువ వడ్డీకి అప్పు దొరికింది. అతని రాబడి అదే, చేతికి డబ్బుగా రాలేదు గానీ చేతిలోంచి పోవాల్సింది పోలేదు. పైగా సంఘం మునిగితే తన పొలం కూడా బాధ్యతలో ఉంటుంది కాబట్టి, లాభం పంచమని కాక నిలవ పెట్టమనే అతను కోరుకోవాలి.

ఆ చట్టం వచ్చిన రెండేళ్లకే, ఇక్కడికి గంట రైలు దూరంలో, దీనికి సరిగ్గా తలకిందుల కథ నడిచింది. మద్రాసులో ఆర్బత్‌నాట్ కంపెనీ అంటే కొండంత నమ్మకం. పింఛనుదార్లు, ఉద్యోగులు, జమీందార్లు అందులో డిపాజిట్లు వేసి వడ్డీ మీద బతికారు. 1906 అక్టోబరు 22న అది చెల్లింపులు ఆపేసింది. లండన్‌లోని భాగస్వామి స్పెక్యులేషన్‌లో డబ్బు పోగొట్టి ప్రాణం తీసుకున్నాడు. సర్ జార్జ్ ఆర్బత్‌నాట్‌కు 18 నెలల కఠిన శిక్ష పడింది. అది భాగస్వామ్య సంస్థ, వాటాలున్న కంపెనీ కాదు. కాబట్టి ఆస్తులెన్నో అప్పులెన్నో అడిగి చూసే దారి డిపాజిటుదారుకు లేదు. వడ్డీ వేళకు వస్తోంది కదా అనుకున్నారు, అంతే.

ఆ దెబ్బతోనే మనవాళ్ల బ్యాంకులు మనకు ఉండాలన్న పట్టుదల పెరిగింది. 1907 ఆగస్టు 15న ఇండియన్ బ్యాంకు మొదలైంది. తెలుగువాళ్ల వైపు చూస్తే 1923లో మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు ఆంధ్రా బ్యాంకు పెట్టారు. డివిడెండ్ లెక్క నేర్చుకోవడానికి ఆ బ్యాంకు షేరును మించిన పాఠం మనకు దొరకదు.

జాతీయం చేసిన తర్వాత ఆ బ్యాంకు 2001లో 10 రూపాయల షేరును 10 రూపాయలకే జనానికి అమ్మింది. 2006లో అదే షేరును 90కి అమ్మింది. మంచి రోజుల్లో ఏడాదికి షేరుకు 5 రూపాయలు దాటి డివిడెండ్ ఇచ్చింది. పేపర్లో దాన్ని 50 శాతం పైన అని వేస్తారు. ఆ శాతం ముఖ విలువ మీద, మీరు పెట్టిన డబ్బు మీద కాదు. 10 పెట్టినవాడికి 5 రూపాయలంటే నిజంగానే యాభై శాతం. 90 పెట్టినవాడికి అయిదున్నర శాతం. ఆ రోజుల ఫిక్స్‌డ్ డిపాజిట్ కంటే తక్కువ.

తర్వాత వసూలు కాని అప్పులు పెరిగాయి. వాటికి డబ్బు పక్కన పెట్టాల్సి వచ్చేసరికి డివిడెండ్ తగ్గి, ఆగిపోయింది. 2017-18లో నష్టం 3,400 కోట్లు దాటింది. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిపినప్పుడు వెయ్యి ఆంధ్రా బ్యాంకు షేర్లకు 325 యూనియన్ బ్యాంకు షేర్లు ఇచ్చారు. అప్పుడు ఆ షేరు ధర 30 రూపాయల లోపే. 90కి కొన్నవాళ్లకు అన్నేళ్ల డివిడెండ్లు కలిపినా ఆ రోజుకి అసలు రాలేదు. 10కి కొన్నవాళ్లకు డివిడెండ్లలోనే పెట్టినదానికి కొన్ని రెట్లు వచ్చేసింది. బ్యాంకు ఒకటే, డివిడెండ్ ఒకటే! యూనియన్ బ్యాంకు షేరు తర్వాత కోలుకుంది, అదీ చెప్పాలి. అయితే నెల ఖర్చుకు డివిడెండ్‌ను నమ్ముకున్నవాళ్లు అంతకాలం ఆగలేరు.

అందుకే మా సభ్యులతో మేము అనేది ఇదీ. శాతం చూసి మురవకండి. ఈ రోజు ధర మీద ఎంత వస్తుందో లెక్క వేయండి. వంద రూపాయల లాభంలో ఎంత పంచారో చూడండి. ముప్పయి, నలభై పంచే కంపెనీకి చెడ్డ ఏడాదిలో ఊపిరి ఉంటుంది, తొంభై పంచేదానికి ఉండదు. లాభం కాగితం మీదిదా, డబ్బుగా వచ్చిందా అన్నది వార్షిక నివేదికలోని నగదు రాకపోకల పట్టీలో తెలుస్తుంది. అప్పు చేసి డివిడెండ్ ఇచ్చే కంపెనీలు ఉన్నాయి. ఏదైనా ఆస్తి అమ్మిన ఏడాది ఒక్కసారి ఎక్కువ ఇచ్చి, మరుసటి ఏడాది మొండిచెయ్యి చూపేవీ ఉన్నాయి. కనీసం పదేళ్ల డివిడెండ్ వరస చూడండి, అందులో కరోనా ఏడాది కూడా ఉండాలి.

ఇంకొకటి. తాతల నాటి కాగితం షేర్లు పెట్టెల్లో ఉన్న ఇళ్లు మన తిరుత్తణిలోనూ తిరువళ్లూరులోనూ ఉన్నాయి. కంపెనీ ప్రకటించిన డివిడెండ్‌ను ఏడేళ్లు ఎవరూ తీసుకోకపోతే అది ప్రభుత్వం నడిపే మదుపరుల రక్షణ నిధికి పోతుంది. ఏడేళ్లూ వరుసగా తీసుకోకపోతే ఆ షేర్లు కూడా అక్కడికే పోతాయి. పోయినా వారసులు అర్జీ పెట్టి తిరిగి తెచ్చుకోవచ్చు. మరణ ధ్రువపత్రం, వారసత్వ పత్రం, పాత సర్టిఫికెట్టు తీసి ఉంచండి.