సెరంపూర్ కళాశాల – విద్యార్థి, అతని భాష

వేదాంత విద్యా చరిత్రను వ్రాసేవారు సాధారణంగా స్థాపకులను, భవనాలను, పట్టాలను పేర్కొంటారు. అక్కడ చదివిన విద్యార్థి ఏ భాషలో పాఠం విన్నాడో, ఎవరి పక్కన కూర్చున్నాడో చెప్పేది తక్కువ. సెరంపూర్ విషయంలో ఆ లోటును కొంతవరకైనా పూరించాలని మా ప్రయత్నం.

విలియం కేరీ, జాషువా మార్ష్‌మన్, విలియం వార్డ్ 1818లో హుగ్లీ నది ఒడ్డున, అప్పటి డెన్మార్క్ వారి స్థావరంలో ఈ కళాశాలను స్థాపించారు. ఆరంభంలో 37 మంది విద్యార్థులు. వారిలో 19 మంది క్రైస్తవులు. బోధన ప్రధానంగా బెంగాలీలో, సంస్కృతంలో. ఆంగ్లం ఎంపికైన కొందరికే. ఐరోపా శాస్త్రజ్ఞానం సైతం విద్యార్థికి తన దేశభాషలో అందాలన్నది వారి సంకల్పం. 1814లో తెలుగు వ్యాకరణాన్ని ప్రచురించిన కేరీకి ఇట్టి పట్టుదల ఉండటంలో వింత లేదు.

1833 నాటి నిబంధనలు కులం, వర్ణం, దేశం ఎవరి ప్రవేశానికీ ఆటంకం కారాదన్నాయి. అయితే హిందూ, ముస్లిం యువకుల ఆచారాలు వారిని కళాశాలలో నివసించనివ్వవని కూడా అవే నిబంధనలు ఒప్పుకున్నాయి. అనగా పాఠం ఒకే గదిలో, అన్నం వేర్వేరు చోట్ల. దీనిని వైఫల్యమని కొట్టివేయలేము. ఆ కాలంలో ఒకే గదిలో కూర్చొనుటే చిన్న విషయం కాదు. కాని విద్యార్థి జీవితంలో సగభాగం తరగతి బయటనే గడుస్తుంది గదా!

డెన్మార్క్ రాజు ఆరవ ఫ్రెడరిక్ 1827లోనే పట్టాలిచ్చే అధికారాన్ని అనుగ్రహించాడు. మొదటి బి.డి. పట్టాలు మాత్రం 88 సంవత్సరాల తరువాత, 1915లో ఇవ్వబడ్డాయి. ఈ మధ్యకాలంలో, 1835 నుండి, ప్రభుత్వం ఉన్నత విద్యను ఆంగ్లం వైపు మళ్ళించింది. 1918 చట్టం తరువాత సెరంపూర్ సెనేటు ఇతర వేదాంత కళాశాలల విద్యార్థులకు కూడా పట్టాలిస్తూ వచ్చింది. ఆ విధంగా హుగ్లీ నదిని చూడనివారు సైతం సెరంపూర్ పట్టభద్రులయ్యారు. మేమును వారిలో ఒకరము.

మేము బి.డి. చదివిన రోజుల్లో రోమా పత్రికను ఆంగ్లంలో విని, ఆంగ్లంలో పరీక్ష వ్రాసి, ఆదివారం పల్లె సంఘంలో తెలుగులో ప్రసంగించేవారము. నీతిమంతులుగా తీర్చబడుట అన్న మాటను చిన్ననాటి నుండి ఎరిగియుండియు, ఆంగ్లంలో దానిని వివరించలేక మార్కులు పోగొట్టుకున్నాము. మా గదిలోని మిత్రుడొకరు పల్లెలో వాక్యం చెబితే జనం కదలకుండా వినేవారు. తరగతిలో మాత్రం ఆయన ఒక్క ప్రశ్న కూడా అడగకుండానే పట్టా పుచ్చుకున్నారు.