అండమాన్‌లో పని, సామర్థ్యం, ఆసక్తి

వృత్తివిద్యలో చేరేటప్పుడు మీకు ఎన్ని మార్కులు వచ్చాయని అడుగుతారు. ఏ పని ఇష్టమని అడిగేవారు తక్కువ. సామర్థ్యం, ఆసక్తి ఒకటి కావు. ఈ తేడాను అండమాన్ చరిత్రలో పరిశీలిద్దాం.

1858 మార్చి 10న డాక్టర్ జె.పి. వాకర్ 200 మంది ఖైదీలతో పోర్ట్ బ్లెయిర్ చేరాడు. 2024లో ఈ పట్టణానికి శ్రీ విజయపురం అని పేరు పెట్టారు. అడవి నరకడం, బాటలు వేయడం, కట్టడాలు లేపడం, అన్నీ ఖైదీల చేతనే చేయించారు.

20వ శతాబ్దం తొలినాళ్లకు అక్కడ ఒక మెట్ల పద్ధతి ఏర్పడింది. యావజ్జీవ ఖైదీ మొదటి 6 నెలలు సెల్యులర్ జైలులో, తరువాత ఏడాదిన్నర మరో జైలులో గడపాలి. ఆపైన మూడేళ్లు ప్రతిఫలం లేని చాకిరీ. ఎవడు ఏ పనికి పనికివస్తాడో అధికారులు గమనించేది ఈ మూడేళ్లలోనే. తరువాతి ఐదేళ్లు తేలికైన పనులు, తోటి ఖైదీలపై చిన్నపాటి అజమాయిషీ, స్వల్ప భత్యం. పదేళ్లు నిండితే పల్లెలో సొంతంగా సేద్యం చేసుకోవచ్చు, పశువులను పెంచుకోవచ్చు, కుటుంబాన్ని పిలిపించుకోవచ్చు. పౌరహక్కులు మాత్రం లేవు, దీవి విడిచి పోరాదు.

ఆశ చూపితే మనిషి పని చేస్తాడని పాలకులకు తెలుసు. ఖైదీ సామర్థ్యాన్నీ వారు లెక్కించారు. అతని ఇష్టాన్ని మాత్రం అడగలేదు. శిక్షలో ఇష్టమేమిటి అంటారా? నిజమే. కాని అడగకపోతే ఏమవుతుందో ఆ జైలులోని గానుగే చెబుతుంది. చదువుకున్న రాజకీయ ఖైదీలను ఎద్దుల్లా దానికి కట్టి, రోజుకు 30 పౌండ్లు, అంటే 13 కిలోలకు పైగా కొబ్బరినూనె తీయమన్నారు. బారీంద్ర ఘోష్, సావర్కర్ వంటివారు ఆ కాలపు ఖైదీలే. నూనె వచ్చింది. ఎవరికైనా వృత్తి అబ్బిందని చెప్పలేం.

1933లో అదే జైలులో నిరాహారదీక్ష జరిగింది. ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు. ఆ తరువాత పుస్తకాలు, పత్రికలు, దీపాలు దక్కాయి. ఖైదీలు చరిత్ర, అర్థశాస్త్రం, రాజనీతి ఒకరికొకరు బోధించుకున్నారు. పరీక్ష లేదు, పట్టా లేదు. అయినా చదువు సాగింది.

ఈలోగా అమెరికాలో ఎడ్వర్డ్ స్ట్రాంగ్ 1927లో వృత్తి ఆసక్తులను కొలిచే ప్రశ్నావళిని ప్రచురించాడు. 1959లో జాన్ హాలండ్ ఆసక్తులను ఆరు రకాలుగా విభజించే సిద్ధాంతాన్ని ప్రతిపాదించాడు. అరవై ఏళ్లకు పైబడిన పరిశోధనలను 2012లో క్రోడీకరించి చూస్తే, ఆసక్తికి తగిన రంగంలో ఉన్నవారు మెరుగ్గా రాణిస్తారనీ, అందులో నిలబడతారనీ తేలింది. ఈ సంబంధం ఒక మోస్తరుదే. లెక్కలు రానివాడు ఇష్టం ఒక్కదానితో సర్వేయరు కాలేడు. వరుస తిరగబడటమూ ఉంది: వెల్డింగులో మొదటి అతుకు చక్కగా కుదిరాక ఆ పనిపై మనసు పడినవారున్నారు. కాబట్టి ట్రేడు ఎంచుకునే ముందు ఆ వర్క్‌షాపులో ఒక పూట నిలబడి చూడండి.

దీవుల్లో ఇప్పుడు డాలీగంజ్‌లో ఐ.టి.ఐ. ఉంది. పహాడ్‌గావ్‌లో 1984లో పాలిటెక్నిక్‌గా మొదలైన అంబేడ్కర్ సంస్థ ఇంజినీరింగ్ డిగ్రీ స్థాయికి ఎదిగింది. అక్కడ లేని కోర్సు కావాలంటే సుమారు 1,200 కిలోమీటర్ల సముద్రం దాటి విశాఖకో చెన్నైకో రావాలి. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. వేటకు వెళ్లే ఇంటి పిల్లవాడికి వల మీద కాక పడవ ఇంజను మీద మనసుంటే, వాడిని ఏ తరగతిలో కూర్చోబెట్టాలి?